దీర్ఘం లేని ఎల్లారెడ్డి

“దుంకుండ్రి! ఇంక ఎంతసేపు చూస్తరు? ఇదేమన్న చీరల దుకాణమా, నచ్చిందాక నిలబడతందుకు?”

ఆ మాట చెవిన పడగానే రఫియా దూకే సంగతి మరిచిపోయి, అన్నదెవరా అని వెతకసాగింది.

వెతకదా మరి! చుట్టూ అరేబియా సముద్రం. ఓడ పక్కన తెరిచిన తలుపు. ఆ తలుపు కింద, ఒకసారి గడప దాకా లేచి మరుక్షణం నిలువెత్తు లోతుకు జారిపోతున్న చిన్న పడవ. దీవి ఒడ్డున ఓడ నిలిచేంత లోతు లేదట. అందుకని ఓడ దూరంగా ఆగితే, దీవివాళ్లే పడవలు వేసుకొచ్చి జనాన్ని దింపుకుపోతున్నారు. కొచ్చిన్‌లో ఓడెక్కింది మొదలు ఆమె చెవిన మలయాళం, తమిళం, గుజరాతీ తప్ప వేరే మాట పడలేదు. అట్లాంటి చోట, అచ్చం కామారెడ్డి బస్టాండులో మక్కకంకులు అమ్మేవాళ్ల యాసలో ఎవరో తనను కసురుతున్నారు.

పడవలో నీలం గళ్ల చొక్కా వేసుకున్న యువకుడొకడు, దిగేవాళ్లకు చెయ్యి అందిస్తూ కనిపించాడు. చొక్కా సగం తడిసింది. జుట్టు పూర్తిగా చెదిరింది. నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

“మీది ఏ ఊరు?” అని అడిగింది రఫియా, తలుపులో నిలబడే.

“ముందుగాల దుంకుండ్రి. ఊరి సంగతి తర్వాత. మీ ఎనక ముప్పైమంది ఉన్నరు.”

“నాకెవ్వరి చెయ్యి అక్కర లేదు. నేనే దుంకుత.”

“సరే. నేను చేతులు కట్టుకుంట.”

నిజంగానే చేతులు కట్టుకున్నాడు. రఫియా పళ్లు బిగించి, దుపట్టా నడుముకు చుట్టి, ఒక్క దూకు దూకింది. సరిగ్గా అప్పుడే పడవ కిందికి జారింది. ఆమె పడాల్సిన చోట పడకుండా నేరుగా వచ్చి అతని మీద పడింది. ఇద్దరూ కలిసి పడవలోని కొబ్బరితాళ్ల కుప్ప మీద పడ్డారు. ఆమె కుడికాలి చెప్పు ఎగిరి సముద్రంలో పడింది.

“ఎల్లారెడ్డి,” అన్నాడతను కింద నుంచే.

“ఏంది?”

“ఊరు అడిగిండ్రు గద. మాది ఎల్లారెడ్డి.”

రఫియా దిగ్గున లేచి కూర్చుంది. “మాది కామారెడ్డి!”

“యా అల్లా! గింత దూరం వచ్చి కామారెడ్డోళ్ల మీద పడాల్నా!”

“మీద పడ్డది నేను. మీరు కింద పడ్డరు. చెప్పేది సరిగ్గ చెప్పుండ్రి.”

అతను పడీపడీ నవ్వాడు. రఫియాకు కోపం రావాలి. రాలేదు. రాత్రంతా వాంతులతో కేబిన్లో పడి ఉన్నాను కదా, ఆ నీరసానికే అయ్యుంటుందని సరిపెట్టుకుంది.

“రఫియా! ఆడికెళ్లి ఇవుతలికి జరుగు!”

పైన తలుపులో ఆమె తండ్రి ఖుద్దూస్. ఆయన చూపు ఈ యువకుడి మీద లేదు. పడవ కొసన ఒద్దికగా కూర్చున్న నెరిసిన గడ్డపాయన మీద ఉంది. ఆ గడ్డపాయన కూడా ఖుద్దూస్‌ను చూశాడు, చూసి ఠక్కున సముద్రం వైపు తిరిగాడు.

“అబ్బా, పోనీలే, అటు చూడకుండ్రి,” అన్నాడు యువకుడు ఆయనతో.

అప్పుడు అర్థమైంది రఫియాకు. ఆరేళ్లలో గడ్డం నెరిసి గుర్తుపట్టలేకపోయింది గానీ, ఆ గడ్డపాయన ఖయ్యూం. ‘అబ్బా’ అని తండ్రిని పిలిచినట్టు పిలిచాడంటే, ఈ నవ్వులాయన ఖయ్యూం కొడుకు మజహర్. అంటే తను ఈ భూప్రపంచంలో పడకూడని ఒకే ఒక్క మనిషి మీద పడింది.

ఖుద్దూస్, ఖయ్యూం ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న దోస్తులు. కామారెడ్డిలో యాకూబు ఉస్తాదు దగ్గర ఇద్దరూ మోటారు వైండింగు నేర్చుకున్నారు. తర్వాత ఒకరు కామారెడ్డిలో, ఒకరు ఎల్లారెడ్డిలో దుకాణాలు పెట్టుకొని ఒకే కంపెనీ పంపుసెట్లు అమ్మారు. రెండూళ్ల నడుమ లింగంపేట ఉంది. అక్కడ బస్టాండు పక్క గోడ మీద ఖుద్దూస్ ఎర్ర రంగుతో తన దుకాణం పేరు రాయించుకున్నాడు. ఆరేళ్ల కింద, బక్రీదు వెళ్లిన మర్నాడు, ఆ ఎర్ర అక్షరాల మీద ఎవరో సున్నం కొట్టి, నీలి రంగుతో ‘ఖయ్యం మోటర్సు, ఎల్లరెడ్డి’ అని రాసిపెట్టారు.

“నేను రాయలే, రాయించలే,” అన్నాడు ఖయ్యూం. “నా పేరు, మా ఊరి పేరు నేనే తప్పు రాసుకుంటనా?”

“దొరుకొద్దని కావాల్నని తప్పు రాసినవ్. అబద్ధాలకోరువి నువ్వు,” అన్నాడు ఖుద్దూస్.

ఆ మాట దగ్గర తెగింది దోస్తానా. పండుగలకు రాకపోకలు ఆగాయి. పెళ్లిళ్లలో ఒకరు కూర్చున్న వరుసలో ఇంకొకరు కూర్చోలేదు. ఇప్పటికీ ఖుద్దూస్‌కు కోపం వచ్చినప్పుడల్లా, “ఖయ్యకు కొమ్ము లేదు, ఎల్లకు దీర్ఘం లేదు, సిగ్గు అంతకన్న లేదు!” అని ఆ గోడను అప్పజెప్తాడు. రఫియా అది ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

అట్లాంటి ఇద్దర్నీ కలిపి కంపెనీ ఒకే ఓడ ఎక్కించింది. కిందటేడు, ఎనభై ఎనిమిదిలో ఎక్కువ మోటార్లు అమ్మిన డీలర్లందరికీ, కుటుంబాలతో సహా లక్షదీవుల యాత్ర. ఖయ్యూం పేరు జాబితాలో ఉందని తెలిసి ఖుద్దూస్ మానేద్దామనుకున్నాడు. తల్లి ఖాజాబీ ఊరుకోలేదు. “నువ్వు రాకుంటె నీ ఇష్టం. నేనైతె పోత,” అని సంచీ సర్దుకొని గడపలో కూర్చుంది.

*

దీవి పేరు కల్పేని. పడవ దిగిన రఫియా కళ్లు పెద్దవి చేసుకొని చుట్టూ చూసింది. ఇసుక ఇంత తెల్లగా ఉంటుందని, నీళ్లు ఒడ్డున పచ్చగా, కొంచెం దూరాన నీలంగా, ఇంకా దూరాన సిరా ఒలికినట్టుగా ఉంటాయని ఎవరైనా చెప్తే నమ్మి ఉండేది కాదు. కొబ్బరిచెట్లు సముద్రంలోకి వంగి ముఖం చూసుకుంటున్నాయి. దీవి ఆడవాళ్లు నవ్వుతూ అందరి చేతుల్లో కొబ్బరిబొండాలు పెట్టారు. రఫియా తల్లి సాలెహా, ఓడలో పడ్డ కష్టమంతా తీరేట్టు ఒక నీడ చూసుకొని చాప మీద చేరగిలబడింది. “నన్ను ఇగ లేపకుండ్రి. భూమి కదులుతలేదు, అదే చాలు నాకు,” అంది.

అంత అందంలోనూ రఫియాకు ఒక చిక్కు వచ్చింది. ఇసుక కాలుతోంది. ఆమె కాలికి ఒక్కటే చెప్పు. ఒంటి చెప్పుతో కుంటుతూ నాలుగడుగులు వేసి, నీడకు ఎగిరి, మళ్లీ నాలుగడుగులు వేస్తుంటే ఆమె ముందు ఒక జత రబ్బరు చెప్పులు వచ్చి పడ్డాయి.

“తొడుక్కోండ్రి. చూస్తుంటె నా కాళ్లే మండుతున్నయ్,” అన్నాడు మజహర్.

“మరి మీరు?”

“నేను ఎల్లారెడ్డోణ్ని. చిన్నప్పటి సంది ఉత్త కాళ్లతోనే నిజాంసాగర్ కట్ట మీద ఉరికినోణ్ని. మాకు ఇసుక ఒక లెక్క గాదు.”

అన్నాడే గానీ, రెండడుగులు వేయగానే “ఉఫ్!” అని ఎగిరి కొబ్బరిమట్ట మీద నిలబడ్డాడు. రఫియా నవ్వాపుకోలేకపోయింది.

“లెక్క గాదు గద?”

“లెక్కనే. లెక్క తప్పింది,” అన్నాడు ఒంటికాలి మీద ఊగుతూ.

“నేను ఎవరి బిడ్డనో మీకు ఎర్కనా?”

“ఎర్క. పడవలనే ఎర్కయింది. మీ అబ్బా మా అబ్బా దిక్కు చూసిన చూపుకు నా చొక్కా ఆరిపోయింది.”

“మరి నాతోని ఎందుకు మాట్లాడుతున్నరు?”

మజహర్ నవ్వు అట్లాగే ఉంది గానీ కళ్లలో ఏదో నీడలాంటిది కదిలి పోయింది. “కొట్లాట వాళ్లది. మనమెందుకు మూతులు ముడుచుకోవాలె?” అన్నాడు. ఆ నీడేమిటో రఫియాకు అప్పుడు తెలియలేదు.

చెప్పులు ఆమె పాదాలకు రెండింతలున్నాయి. నడుస్తుంటే టపటపమని చప్పుడు. ఆ చప్పుడు కన్నా తన గుండె చప్పుడే పెద్దగా ఉందని, అది పక్కవాళ్లకు వినబడుతుందేమోనని ఆమె భయం.

*

భోజనాల తర్వాత, అడుగున గాజుపలక బిగించిన పడవల్లో తిప్పుతామని గైడు చెప్పాడు. ఎక్కి కూర్చుంటే సముద్రం అడుగు కనబడుతుందట. నాలుగింటికల్లా అందరూ ఓడలో ఉండాలి, ఆలస్యమైతే ఓడ ఆగదు అని కూడా హెచ్చరించాడు.

ఖాజాబీ అందరికన్నా ముందే పోయి ఆఖరి పడవలో కూర్చుని, నల్ల గొడుగు విప్పింది. ఆమె ఎదురుగా అప్పటికే ఖయ్యూం, మజహర్ ఉన్నారు.

“అమ్మా, దిగు. వేరే పడవల పోదం,” అన్నాడు ఖుద్దూస్ ఒడ్డు నుంచి.

“వేరేది లేదంట. నేను దిగ. గాజుపడవ ఎక్కకుంట ఊరికి పోతె మా గల్లీల నన్నేమంటరు?”

“అయితె వాళ్లను దిగుమను.”

“ముందుగాల ఎక్కింది మేము,” అన్నాడు ఖయ్యూం, సముద్రంతో చెప్తున్నట్టు.

తల్లిని ఒంటరిగా పంపలేడు. రఫియా అప్పుడే ఎక్కి దాదీ ఖాజాబీ పక్కన కూర్చుంది. ఖుద్దూస్ పళ్లు నూరుకుంటూ ఎక్కి, ఖయ్యూంకు వీపు పెట్టి కూర్చున్నాడు. పడవ నడిపే కోయా అనే పెద్దాయన ఇంజను చక్రానికి పిడి తగిలించి తిప్పాడు. డుగ్ డుగ్ డుగ్ మని మొదలైంది.

గాజు కింద వేరే లోకం. పసుపు గీతల చేపలు గుంపులుగా పోతున్నాయి. పగడపు దిబ్బలు, పూసిన తంగేడు పొదల్లా. రఫియా వంగి చూస్తోంది. మజహర్ అటు పక్క నుంచి వంగి చూస్తున్నాడు. గాజులో ఇద్దరి ముఖాలూ పక్కపక్కన కనిపించాయి. వాటి మీది నుంచి ఒక నీలి చేప తాపీగా ఈదుకుంటూ పోయింది.

“ఆ చేపను చూసిండ్రా?” గొంతు తగ్గించి అన్నాడు మజహర్.

“చూసిన.”

“నేను చూడలే.”

రఫియా తలెత్తింది. అతను గాజులోకి కాదు, ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె గబుక్కున మళ్లీ చేపల్లో తల పెట్టింది. చెవులు వేడెక్కాయి. ఖాజాబీ గొడుగును కొంచెం వంచి, ఖుద్దూస్‌కు ఈ వైపు కనబడకుండా అడ్డం పెట్టింది. ఎండ కోసం వంచిందో, మరి దేనికోసమో ఆమెకే తెలియాలి.

అప్పుడే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కోయా తిప్పాడు, మళ్లీ తిప్పాడు. చెమట కారింది గానీ ఇంజను పలకలేదు. పడవ మెల్లగా కొట్టుకుపోయి ఒక ఇసుకదిబ్బకు తగులుకుంది. ఇంట్లో పరుపంత దిబ్బ కాదు, మంచి పెద్దదే. కానీ దాని మీద నీడ లేదు, మనిషి లేడు. తక్కిన పడవలు అప్పటికే దూరంగా ఒడ్డు వైపు పోయాయి.

“గాలి పట్టింది డీజిలు పైపుల,” అన్నాడు ఖుద్దూస్ కోయాతో. “గాలి తియ్యాలె.”

“నీళ్లు కలిసినయ్ డీజిల్ల,” అన్నాడు ఖయ్యూం, తనూ కోయాతోనే. “గాలని చెప్పెటోనికి ఏమెర్క?”

“నీళ్లు అనేటోనికి చెప్పు, నేను ముప్పై ఏండ్ల సంది ఇంజన్లు విప్పుతున్ననని.”

“నేను ఆయన కన్న రెండు నెలలు ముందు విప్పిననని చెప్పు.”

తెలుగు ఒక్క ముక్క రాని కోయా పాపం, పానా చేతిలో పట్టుకొని అటొకసారి ఇటొకసారి తల తిప్పుతున్నాడు. దాదీ గొడుగు కింద అంతా చూస్తూ, నమాజుకు పొద్దెంతయిందో లెక్క కడుతోంది. మజహర్, రఫియా పడవ దిగి దిబ్బ అవతలి కొసకు నడిచారు.

“ఇప్పుడెట్ల? ఓడ పోతదా?” అంది రఫియా.

“పోనియ్యి. ఈడనే ఉందం. కొబ్బరికాయలు కొట్టుకుంట బతుకుదం.”

‘మీరు’ పోయి ‘నువ్వు’ ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

“ఈడ కొబ్బరిచెట్టు గూడ లేదు.”

“అయితె నీ మాటలు తినుకుంట బతుకుత. కారం మస్తుగుంది.”

అతను వంగి తడి ఇసుకలో వేలితో ఒక చుక్క పెట్టాడు. “ఇగో, ఇది మీ ఊరు.” ఇంకొక చుక్క పెట్టాడు, ఆమె అరచేతి దూరంలో. “ఇది మా ఊరు. బస్సుల గంటన్నర. ఇరవై ఏండ్ల సంది నువ్వు ఈడ, నేను ఈడ. ఒక్కసారి గూడ కలువలే. కలుసుకుంటందుకు రెండు రోజులు రైలు, మళ్ల ఓడ ఎక్కి ఇంత దూరం...” అంటూ పరుగెత్తి, పదడుగుల అవతల మూడో చుక్క పెట్టి వచ్చాడు. “గీడికి రావలసి వచ్చింది!”

రఫియా పకపకా నవ్వింది. అతను మోకాళ్ల మీద కూర్చుని చుక్కల పక్కన పేర్లు రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలు. మొదటి చుక్క దగ్గర ‘కమరెడ్డి’. రెండో చుక్క దగ్గర ‘ఎల్లరెడ్డి’.

రఫియా నవ్వు ఆగిపోయింది.

“దీర్ఘాలు ఏవి?” అంది.

“ఏం దీర్ఘాలు? నేను నిజామాబాద్‌ల మా నానమ్మ కాడ ఉర్దూ మీడియం చదివిన. తెలుగు నాకు నేనే నేర్చుకున్న. ఏదో గిట్లనే రాస్త...”

చెప్తూ చెప్తూ అతను ఆమె ముఖం చూసి ఆగాడు. చూపు ఇసుక మీది అక్షరాల మీదికి పోయింది. ముఖంలో రక్తం లేకుండా పోయింది.

ఒక చిన్న అల వచ్చి ‘కమరెడ్డి’ని సగం తుడిచి పోయింది. రెండోది మాత్రం మిగిలే ఉంది.

“లింగంపేట గోడ మీద రాసింది నువ్వా?” అడిగింది రఫియా. లోపల మాత్రం ‘కాదని చెప్పు, కాదని చెప్పు’ అనుకుంటోంది.

మజహర్ లేచి నిలబడ్డాడు. కాదని చెప్పడం ఎంత సులువో ఇద్దరికీ తెలుసు. రాతను అలలే చెరిపేస్తున్నాయి.

“నేనే,” అన్నాడు. “పదిహేడేండ్లు నాకప్పుడు. మా అబ్బాకు గోడ లేదు, పేరు లేదు అని బాధనిపించి రాసిన. అబ్బాకు చూపిచ్చి మెప్పు పొందుదమనుకున్న. చెప్దామని ఇంటికి పోయేసరికి మీ అబ్బా, మా అబ్బా గల్లాలు పట్టుకొని ఉన్నరు. భయపడ్డ. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. ఆరేండ్లయింది.”

“ఆరేండ్లు మా అబ్బా ఒక్క దోస్తు లేకుండ ఉన్నడు,” అంది రఫియా. “పొద్దూకినంక దుకాణం కట్టేసి వచ్చి ఒక్కడే చాయ తాగుతడు. మీ అబ్బా గురించి తిడుతడు గని, తిట్టకుండ ఒక్క దినం లేడు. ఎందుకో నాకిప్పుడు తెలుస్తుంది.”

“మా అబ్బా గూడ అంతే.”

“నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?”

మజహర్ ఆమె కళ్లలోకి ఒక్కసారి చూశాడు. పొద్దున్నుంచి ఉన్న నవ్వు ఎక్కడా లేదు. “నేనే చెప్త. చెప్పినంక నువ్వు నాతోని మాట్లాడవు, అది గూడ ఎర్క,” అని తిరిగి పడవ వైపు నడిచాడు. అతను పోతుంటే రఫియాకు పిలవాలనిపించింది. పిలవలేదు. వెనకాలే నడిచింది.

పడవ దగ్గర పంచాయితీ ముదిరింది. ఖయ్యూం పానా అందిస్తున్నాడు, ఖుద్దూస్ తీసుకోవడం లేదు. “అబద్ధాలకోరు చేతి పానా నేను ముట్ట,” అంటున్నాడు.

“చాచా,” అన్నాడు మజహర్. “మా అబ్బా అబద్ధం చెప్పలే. గోడ మీద రాసింది నేను. ఆయనకు ఇప్పటిదాక తెలువదు.”

ఖుద్దూస్ చటుక్కున తలెత్తాడు.

ఖయ్యూం కొడుకు వైపు చూశాడు. చెయ్యి పైకి లేచింది. గాలిలోనే ఆగింది. “ఆరేండ్లు నా పక్కల కూసోని అన్నం తిన్నవ్‌రా,” అన్నాడు. కొట్టి ఉంటేనే బాగుండునన్నట్టు మజహర్ తల దించుకున్నాడు.

“చెయ్యి దించు ఖయ్యూం,” అంది ఖాజాబీ. “ఇప్పుడు చెప్పిండు గద. ఎవ్వరు అడుగకున్న చెప్పిండు.”

ఖుద్దూస్ మెల్లగా ఖయ్యూం వైపు తిరిగాడు. ఆరేళ్లలో మొదటిసారి కోయాతో కాకుండా, సముద్రంతో కాకుండా, నేరుగా అతనితో మాట్లాడాడు.

“నిన్ను అబద్ధాలకోరు అన్న.”

“అన్నవ్.”

“దుకాణానికి వచ్చినోళ్లందరికి చెప్పిన.”

“ఎర్క. వాళ్లే వచ్చి నాకు చెప్పేటోళ్లు.”

“నువ్వు ఒట్టేసినా నమ్మలే.”

“నమ్మలే,” అన్నాడు ఖయ్యూం. “గోడ పోతె పోయింది, నన్ను నమ్మలేదనే...”

“తప్పయింది ఖయ్యూం,” అన్నాడు ఖుద్దూస్. చెయ్యి చాచాడు. “పానా ఇటియ్యి.”

ఆ తర్వాత ఇద్దరు పెద్దమనుషులూ చొక్కా చేతులు మడిచి ఇంజను మీద పడ్డారు. యాకూబు ఉస్తాదు దగ్గర ఇరవై ఏళ్ల పిల్లలుగా ఉన్నప్పుడు ఎట్లా తిట్టుకుంటూ పని చేశారో, అచ్చం అట్లాగే. ఖయ్యూం అడుగున మర విప్పితే డీజిలుతో పాటు నీళ్లు కారాయి. “చెప్పిన గద!” అన్నాడు. ఖుద్దూస్ పైపు వదులు చేస్తే బుడగలు బుసబుసా వచ్చాయి. “మరి ఇదేంది!” అన్నాడు. రెండూ నిజమే అయ్యాయి. ఒకరు చక్రం తిప్పారు, ఇంకొకరు మర బిగించారు. ఇద్దరి గడ్డాలకూ డీజిలు అంటింది. ఇంజను ఒకసారి తుమ్మి, డుగ్ డుగ్ డుగ్ మని అందుకుంది. కోయా రెండు చేతులూ పైకెత్తి తన భాషలో దేవుడికి దండం పెట్టుకున్నాడు.

*

ఓడ బయల్దేరడానికి ఇంకా కొంచెం టైముంది. పొద్దు సముద్రం మీదికి ఒరుగుతోంది. పైడెక్కు మీద నాలుగు రాష్ట్రాల డీలర్లు చాయలు తాగుతున్నారు. ఖుద్దూస్, ఖయ్యూం ఒకే బల్ల మీద భుజాలు ఆనించి కూర్చుని, ఆరేళ్ల ముచ్చట్లు ఒక్క సాయంత్రంలో అయిపోవాలన్నట్టు మాట్లాడుకుంటున్నారు. సాలెహాకు నిద్ర లేచేసరికి లోకమే మారిపోయి కనిపించింది. “నేను గంట పండుకుంటె గింత జరిగిందా!” అని మాటిమాటికీ అడుగుతోంది.

మజహర్ మాత్రం ఎక్కడా లేడు.

రఫియా కింది డెక్కు చూసింది. క్యాంటీను చూసింది. మెట్లు ఎక్కి దిగింది. కోపంగా వెతుకుతున్నానని అనుకుంది గానీ, కోపంగా ఉన్న మనిషి ఇన్నిసార్లు దుపట్టా సర్దుకోదు. చివరికి ఓడ వెనక కొసన, కమ్మీ పట్టుకొని నిలబడి దొరికాడు.

“దాక్కున్నవా?”

అతను ఉలిక్కిపడ్డాడు. “నాతోని మాట్లాడుతవని అనుకోలే.”

“మాట్లాడొద్దనే అనుకున్న. నా వల్ల అయితలేదు.” చెప్పేశాక నాలుక కరుచుకుంది. “అంటే... నీ మీద కోపం ఇంకా పోలే.”

“పోవద్దు గూడ. నేను చేసింది చిన్నది గాదు.”

“కాదని చెప్తె నేను ఏం చెయ్యలేకపోయేదాన్ని. అల వచ్చి తుడిచేసేది. అయినా ఎందుకు చెప్పినవ్?”

మజహర్ కమ్మీ మీద వేళ్లు ఆడించాడు. “పొద్దున నువ్వు మీద పడ్డవ్ గద. అప్పటి సంది నీకు అబద్ధం చెప్పబుద్ధి అయితలేదు. ఇసుక కాలదని ఒక్కటి చెప్పిన, అదే దొరికిపోయిన.”

రఫియా నవ్వొద్దనుకుంది. పెదవులు వినలేదు.

“విను,” అంది ముఖం గట్టిగా పెట్టి. “వచ్చే ఆదివారం కామారెడ్డికి రా. మా ఇంట్ల కూసోని, మా అబ్బాను మర్యాదగ అడుగు.”

“ఏమడుగాలె?”

“అది గూడ నేనే చెప్పాల్నా?”

అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ముఖమంతా వెలిగింది. “ఆదివారం దాకనా? ఆరేండ్లు ఆలస్యం చేసి ఒకసారి చెడిపోయిన. ఇగ ఒక్క నిమిషం గూడ ఆగ!” అని గిరుక్కున తిరిగాడు.

“అరే! ఇప్పుడే గాదు! మజహర్! అందరున్నరు!” రఫియా చొక్కా పట్టుకోబోయింది. అందలేదు. అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. ఆమె వెనక పరుగెత్తింది. ఆమె పైకి చేరేసరికి అతను ఖుద్దూస్ ఎదురుగా చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

“చాచా, రఫియాను నాకిచ్చి నికా చేయమని అడుగుతందుకు వచ్చిన. నేను తప్పు చేసినోణ్నే. మీరు ఒద్దంటె ఒద్దు. గని అడుగకుండ ఉండలేకపోయిన.”

ఖయ్యూం చేతిలో చాయ కప్పు ఒలికింది. ఖుద్దూస్ తల్లి వైపు చూశాడు.

“నా దిక్కేం చూస్తవ్?” అంది ఖాజాబీ. “గాజుపడవల వీళ్లు చేపలను చూస్తున్నరని నువ్వు అనుకున్నవ్. నేను అనుకోలే. పిల్లగాడు తప్పు ఒప్పుకున్నడు. తప్పు ఒప్పుకునే మొగోణ్ని నేను ఈ డెబ్బై ఏండ్లల్ల ఇద్దరినో ముగ్గురినో చూసిన. పిల్ల చదువు అయినంక చెయ్యుండ్రి.”

“మరి నా బిడ్డను అడుగాలె గద!” అని ఖుద్దూస్ తిరిగాడు. “బిడ్డా, నీ మనసుల ఏముందో చెప్పు. నా కోసమని ఒప్పుకోకు, ఖయ్యూం కోసమని ఒప్పుకోకు.”

డెక్కంతా వాళ్ల చుట్టూ మూగింది. భాష తెలియని గుజరాతీ ఆడవాళ్లు సహా అందరికీ సంగతి అర్థమైపోయింది. ప్రతి మాటకు మాట అప్పజెప్పే రఫియాకు గొంతులోంచి ఏమీ రావడం లేదు. మజహర్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

“ఊ,” అంది.

సరిగ్గా అప్పుడే ఓడ లంగరు ఎత్తి పెద్ద కూత వేసింది. భూమి ఆకాశం దద్దరిల్లే కూత. “ఏంది?” అని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు ఖుద్దూస్. “ఊ!” అంది మళ్లీ. వినబడలేదు. మజహర్‌కు చెమట పడుతోంది. “ఒద్దంటుందా?” అని తండ్రిని అడుగుతున్నాడు. రఫియాకు ఇంక ఓపిక పోయింది. గుండె నిండా గాలి పీల్చుకొని, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

కూత ఠక్కున ఆగింది.

“నాకు మజహర్ కావాలె అబ్బా!”

ఆ మాట నిశ్శబ్దంగా ఉన్న ఓడ మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా మోగింది. పైన కిటికీలోంచి కెప్టెన్ తొంగిచూశాడు. రఫియా రెండు చేతులతో ముఖం కప్పుకొని దాదీ వెనక్కి దూరింది. ఖుద్దూస్ పెద్దగా నవ్వుతూ ఖయ్యూంను గట్టిగా కావలించుకున్నాడు. మలయాళీలు, తమిళులు, గుజరాతీలు, ఒక్క ముక్క తెలుగు రానివాళ్లంతా చప్పట్లు కొట్టారు.